కాకతాళీయం కాదు

ఎదురు చూడని చుట్టాలు గుమ్మంలో అడుగు పెట్టిన రోజునే పాలు విరిగిపోతాయి. గొడుగు ఇంట్లో మరచిపోయిన రోజునే వాన దంచి కొడుతుంది. 'కాకతాళీయంగా జరిగింది లెండి' అని సర్దిచెప్పుకుంటాం. ఈ మాట మన నోటికి ఎంత అలవాటై పోయిందంటే, అందులో ఒక కాకీ, ఒక తాటిచెట్టూ దాగి వున్నాయని గుర్తే వుండదు. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలిందట. సరిగ్గా ఆ క్షణాన్నే తాటిపండు రాలి పడిందట. కాకి వాలినందుకు పండు రాలలేదు. పండు రాలుతుందని కాకి వాలలేదు. రెండూ ఒక్కసారి జరిగాయి, అంతే. సంస్కృత పండితులు ఆ ముచ్చటను 'కాకతాళీయ న్యాయం' అని శాస్త్రంలోకి ఎక్కించారు.

కాకి మాట సరే. మరి తాటిచెట్టు మీదికి వచ్చే పిట్టలన్నీ ఇలా దారినపోతూ వాలేవేనా? కాదు. తాటిచెట్టు కోసమే వెతుక్కుంటూ వచ్చే పిట్ట ఒకటుంది. వానాకాలం మొదలయ్యేసరికి వచ్చి, ఆ చెట్టు ఆకే చీల్చి, ఆ ఆకు కొసకే గూడు వేలాడదీసి, పిల్లల్ని లేపుకుని పోతుంది. అదే గిజిగాడు. ఉత్తరాదివాళ్ళు 'బయా' అంటారు. గిజిగాడి పనితనం గురించి మనం కథలు చెప్పుకున్నాం, పద్యాలు రాసుకున్నాం. గూడును చూసి ముక్కున వేలేసుకున్నాం. గూడు వేలాడుతున్న చెట్టు గురించి మాత్రం అంతగా ఆలోచించలేదు. ఆ రెండింటి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో తెలుస్తుంది.

ఈ రెండింటికీ శాస్త్రంలో నామకరణం చేసిన పెద్దమనిషి ఒక్కడే. స్వీడన్ దేశస్థుడు కార్ల్ లినేయస్. 1753లో తాటిచెట్టుకు 'బొరాసస్ ఫ్లాబెల్లిఫర్' అని పేరు పెట్టాడు. ఫ్లాబెల్లిఫర్ అంటే విసనకర్ర పట్టుకున్నది అని అర్థం. బాగుంది కదూ! ఎన్నడూ మన దేశం రాకపోయినా మన విసనకర్ర సంగతి తెలిసినవాడిలాగే పెట్టాడు. గిజిగాడి విషయంలో మాత్రం ఆయన లెక్క తప్పింది. అది ఫిలిప్పీన్ దీవుల పిట్ట అని ఎవరో రాసింది నమ్మి, 1766లో దానికి 'ఫిలిప్పీన్ పిట్ట' అని అర్థం వచ్చేలా పేరు పెట్టేశాడు. తీరా చూస్తే ఆ దీవుల్లో గిజిగాడు లేనే లేడు. తప్పు తెలిసింది గాని పేరు మారలేదు. ఇప్పటికీ శాస్త్ర గ్రంథాల్లో అది 'ప్లోసియస్ ఫిలిప్పైనస్'. శాస్త్రంలో ఒకసారి పడిన పేరు మార్చించడం రేషన్ కార్డులో తప్పు దిద్దించడం కంటే కష్టం మరి!

పిట్టల శాస్త్రం ప్రకారం గిజిగాడు పాట పిట్టల వంశంలోనిది. కోకిలకు ఆ వంశంలో చోటు లేదు గాని, గిజిగాడికి వుంది! వంశం గొప్పదే గాని పాట అంతంత మాత్రం. కిచకిచమని మొదలుపెట్టి, చివర ఒక ఈల లాంటి ఊపిరి లాగుడు. అయితే పది మగపిట్టలు చెట్టునిండా రెక్కలు కొట్టుకుంటూ ఒక్కసారి ఎత్తుకున్నాయంటే పెళ్ళివారి విడిదిలా వుంటుంది. మిగతా కాలంలో ఊరపిచ్చుకకూ దానికీ తేడా తెలియదు. గూళ్ళ కాలం వచ్చేసరికి మగపిట్ట తలకు పసుపు రంగు వస్తుంది, ముఖానికి నల్లటి ముసుగు పడుతుంది. ఆడపిట్ట ఎప్పుడూ ఆ మట్టిరంగు చీరతోనే.

ఇక తాటిచెట్టు. దానికి అమరకోశం 'తృణరాజు' అనే పేరు చెప్పింది. అంటే గడ్డికి రాజు. ఎనభై, తొంభై అడుగులు పెరిగే చెట్టును పట్టుకుని గడ్డి అంటారేమిటని అనిపిస్తుంది. కాని అమరసింహుడు అన్నది అక్షరాలా సరైన మాట. నేటి వృక్షశాస్త్రం కూడా గడ్డినీ, వరినీ, చెరకునూ, తాటినీ ఏకదళ బీజాల తెగలోనే చేర్చింది. మర్రికీ వేపకూ ఉన్నట్టు తాటికి కొమ్మలుండవు. ఏటేటా లావెక్కే మాను కాదు. ఒక్కటే మొవ్వు, అది పైకి పోతూ వుంటుంది, అంతే. ఇంకో సంగతి చూడండి. గిజిగాడు గూటికి ఏరుకునేవి ఏమిటి? గడ్డిపోచలు, వరి ఆకులు, చెరకు ఆకులు, తాటాకు పీలికలు. గడ్డిని అల్లుకుని బతికే పిట్టకు గడ్డికి రాజైన చెట్టు నీడ దొరికిందన్నమాట.

మన పురాణాల్లోనూ తాటికి గౌరవం తక్కువేం కాదు. బలరాముడి జెండా మీద వున్నది తాటిచెట్టే. ఆయన ధేనుకాసురుణ్ణి చంపింది తాటి తోపులోనే. ఏడవ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ దక్షిణాపథంలో కొంకణపురం అనే చోట 30 'లీ'ల చుట్టుకొలత వున్న తాళవనాన్ని గురించి రాశాడు. ఆ ఆకులు పొడుగ్గా, వెడల్పుగా, నిగనిగలాడుతూ వుంటాయనీ, ఈ దేశంలో అన్నిచోట్లా రాసుకోవడానికి వాటినే వాడతారనీ చెప్పాడు. ఆయనకు మన అన్నం కంటే, ఆచారం కంటే మన పుస్తకాలు ముఖ్యం కదా! వాటిని మోసుకుపోవడానికే అంత దూరం వచ్చినవాడాయె.

నిజానికి తాటాకు లేకపోతే మనకు సాహిత్యమే మిగిలేది కాదు. ఆకును కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నున్నగా రుద్ది, ఒకే కొలతకు కత్తిరించేవారు. గంటంతో దాని మీద గీసి, ఆ గీతల్లోకి మసి పట్టించి తుడిస్తే అక్షరాలు నల్లగా పైకి తేలేవి. బెజ్జం వేసి, తాడు దూర్చి, పైనా కిందా చెక్కలు పెట్టి కడితే అది పుస్తకం. మన తెలుగు అక్షరాలు ఇంత గుండ్రంగా వుండడానికి కూడా తాటాకే కారణమని చెబుతారు. నిట్టనిలువుగా, అడ్డంగా గీతలు గీస్తే ఆకు ఈనె వెంబడి చీలిపోతుంది. గంటాన్ని గుండ్రంగా తిప్పితే చీలదు. ఆకు చీలకుండా చూసుకున్న జాగ్రత్తే మన లిపికి అందమైందన్నమాట.

మొల్ల రామాయణం తాటాకు మీదనే నిలిచింది. తరిగొండ వెంగమాంబ కావ్యాలు తాటాకు మీదనే వున్నాయి. తంజావూరు మరాఠా రాజుల కాలంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' కూడా అలాంటి ప్రతుల్లోనే ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వచ్చింది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుదలతో ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయించింది. దానికి ప్రభుత్వం నిషేధం పెట్టడం, స్వాతంత్ర్యం నాటికి గాని ఆ నిషేధం తొలగకపోవడం మరో పెద్ద కథ. కడపలో వున్న రోజుల్లో సి.పి.బ్రౌన్ దొర పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని, చెదలు పట్టిపోతున్న తాటాకు గ్రంథాల్ని కాగితం మీదికి ఎక్కించాడు. 1829లో ఆయన వేమన పద్యాలు అచ్చు వేశాడు. వేమన్నను తలుచుకుంటాం, బ్రౌన్‌ను తలుచుకుంటాం. అన్ని వందల ఏళ్ళు ఆ పద్యాలను మోసిన ఆకును తలుచుకునేవారు తక్కువ.

గిజిగాడి చరిత్ర ఇందుకు పూర్తిగా వేరు. అది మొదటి నుంచీ రాజసభల్లో పేరు తెచ్చుకున్న పిట్ట. అక్బరు పాదుషా కొలువులో అబుల్ ఫజల్ రాసిన 'అయినీ అక్బరీ'లో దాని ప్రస్తావన వుంది. చాలా తెలివైనదనీ, చెప్పిన మాట వింటుందనీ, చేతిలో నుంచి చిన్న నాణెం తీసుకుపోయి యజమానికి ఇస్తుందనీ, దాని గూడు ముందు గొప్ప గొప్ప పనివాళ్ళు కూడా దిగదుడుపేననీ ఆయన రాశాడు. వీధుల్లో గారడీ చేసేవాళ్ళు దానికి బొమ్మ ఫిరంగి పేల్చడం కూడా నేర్పేవారు.

కలకత్తాలో సర్ విలియం జోన్స్ స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ వారి సంపుటాల్లో, 1790లో వచ్చిన రెండో సంపుటంలో, ఢిల్లీకి చెందిన అథర్ అలీ ఖాన్ గిజిగాడి మీద ఒక వ్యాసం రాశాడు. లోతైన బావిలోకి ఉంగరం జారవిడిస్తే, అది నీటిని తాకేలోగా ఈ పిట్ట రివ్వున దూకి పట్టుకొచ్చేదట. అంతకంటే తమాషా అయిన సంగతి ఒకటి చెప్పాడు. కాశీలో పడుచు పిల్లలు నుదుట సన్నటి బంగారు రేకు తిలకంలా అంటించుకుని వీధిలో నడిచేవారట. గిజిగాళ్ళను పెంచుకునే కొంటె కుర్రకారు సైగ చేస్తే చాలు, పిట్ట ఎగిరి వెళ్ళి ఆ రేకును ముక్కుతో లాక్కొచ్చి యజమాని చేతిలో పెట్టేదట! కుర్రాళ్ళకు అది సరదా. పాపం, ఆ పిల్ల ఇంటికి వెళ్ళి నుదుటి బంగారం ఏదీ అంటే ఏం చెప్పుకునేదో ఖాన్‌గారు రాయలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, తరువాత దానికి జరిగిన సవరణలూ వచ్చాక గిజిగాడిని పట్టి పంజరంలో పెట్టడం నేరమైంది. ఆ విధంగా గిజిగాడికీ విముక్తి కలిగింది, ఆడపిల్లల నుదుటికీ రక్షణ కలిగింది.

అథర్ అలీ ఖాన్ వ్యాసంలోనే ఇంకో మాట వుంది. మిణుగురు పురుగుల్ని పట్టి తెచ్చి తడిమట్టిలో గుచ్చి, గిజిగాడు గూట్లో దీపం పెట్టుకుంటుందని లోకులు నమ్ముతారట. మన అమ్మమ్మలు చెప్పిన కథ కూడా ఇదే. దీపం సంగతి కథే గాని, మట్టి మాత్రం నిజం. గూట్లో లోపలి గోడకు మట్టి ఉండలు అంటించి వుంటాయి. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని కొందరు పండితుల వూహ. ఆ వ్యాసంలో మనకు కావలసిన మాట ఇంకొకటుంది. ఈ పిట్ట గూడు కట్టడానికి ఇష్టపడే చెట్లలో తాటిచెట్టును ఆయన ప్రత్యేకంగా చెప్పాడు.

గిజిగాడి ఇంటి గుట్టు రట్టు చేసినవాడు మాత్రం సలీం అలీ. పిట్టల శాస్త్రం చదువుకుని జర్మనీ నుంచి తిరిగి వచ్చేసరికి బొంబాయిలో ఆయన ఉద్యోగం పోయింది. సంసారం సర్దుకుని, బొంబాయికి అవతల సముద్రపొడ్డున వున్న కిహిమ్ అనే పల్లెలో ఒక చిన్న ఇంట్లో మకాం పెట్టాడు. ఆ ఇంటి దగ్గరే గిజిగాళ్ళ వాడ ఒకటుంది. 1930 వానాకాలమంతా చేసే పనేమీ లేక, కాదు కాదు, అంతకంటే మంచి పని లేక, వాటిని చూస్తూ కూర్చున్నాడు. 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో తాను చూసింది అచ్చు వేశాడు. అంతవరకూ లోకం అనుకున్నది ఏమిటి? మొగుడూ పెళ్ళామూ కలిసి ముచ్చటగా ఇల్లు కట్టుకుంటారని. సలీం అలీ చూసిన కాపురం వేరు.

కట్టేదంతా మగపిట్టే. ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొసను పట్టుకుని ఎగిరితే పొడవాటి పీలిక చీలి వస్తుంది. ఒక్కొక్క పీలిక 20 నుంచి 60 సెంటీమీటర్ల దాకా వుంటుంది. ఇలాంటివి వేల సంఖ్యలో కావాలి. ఒక్క గూటికి ఆ పిట్ట 500 సార్ల దాకా తిరుగుతుంది. ఎనిమిది రోజుల్లో గూడు సగానికి వస్తుంది, శిరస్త్రాణంలా వుంటుంది. అక్కడ ఆపి, ఆ సగం గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టి పాడడం మొదలుపెడుతుంది. అప్పుడు వస్తారు ఆడపిట్టలు, అద్దె ఇల్లు చూడడానికి వచ్చినట్టు. లోపలికి దూరి, అటూ ఇటూ లాగి, తొక్కి చూస్తారు. నచ్చకపోతే మాటామంతీ లేకుండా ఎగిరిపోతారు. నచ్చితేనే మగపిట్ట మిగతా సగం పూర్తి చేసి, కిందికి పొడవాటి గొట్టం వాకిలి అల్లుతుంది. మొత్తం మీద 18 రోజుల పని. ఎవరికీ నచ్చని గూడు అలా సగంలోనే వేలాడుతూ వుండిపోతుంది.

'ఆహా, ఆడదాని మాటకు ఎంత విలువ!' అని మురిసిపోకండి. కథ అక్కడితో అయిపోలేదు. ఆమె లోపల సర్దుకుని గుడ్లు పెట్టగానే అయ్యగారు పక్కన ఇంకో గూడు మొదలుపెడతారు, ఇంకో ఆవిడ కోసం! దొరికితే మూడో ఆవిడ కోసం కూడా. రెండు వారాలకు పైగా గుడ్లు పొదిగేది ఆమె ఒక్కతే. సుమారు మరో రెండు వారాలకు పైగా పిల్లల నోట్లో ముద్ద పెట్టే బాధ్యతా ముఖ్యంగా ఆమెదే. ఇల్లు కట్టిన గొప్ప ఆయనకు, ఇల్లు నడిపిన అలసట ఈమెకు. తెలుగువాళ్ళు ఈ పిట్టకు 'గాడు' చేర్చి మగపేరు పెట్టడం అన్యాయమేమీ కాదేమో!

ఇంతకీ ఆడపిట్ట గూటిని అంత పరీక్షగా చూసేది ఎందుకు? అల్లిక సొగసు కోసమనే అందరూ అనుకునేవారు. 2006లో అచ్చయిన ఒక పరిశోధన ఈ విషయాన్ని లోతుగా చూసింది. అల్లిక కంటే గూడు ఎక్కడ కట్టాడన్న దానికే ఆడపిట్ట ఎక్కువ విలువ ఇస్తుందని తేలింది. ఎత్తులో వుందా, పట్టు గట్టిదా అన్నదే ముఖ్యం. అదీ సంగతి! మనమందరం, అబుల్ ఫజల్ దగ్గర నుంచి మన దాకా, అల్లికను చూసి చప్పట్లు కొడుతుంటే, పిల్లల్ని పెంచవలసిన ఆ తల్లి మాత్రం చెట్టును చూసుకుంటోంది.

ఆ కంటితో చూస్తే తాటిచెట్టు విలువ తెలుస్తుంది. నిలువునా ఎత్తు. మధ్యలో కొమ్మ లేదు, పాము పాకి రావాలంటే ఆసరా దొరకదు. మట్టలకు రెండు వైపులా రంపపు పళ్ళు. పైన గట్టి ఆకులు, వాటి కొసలు కిందికి వాలి వుంటాయి, గూడు కట్టి వేలాడదీయడానికి కొక్కెం తగిలించినట్టు. పొలం గట్టు మీదో, చెరువు గట్టు మీదో వుంటుంది కాబట్టి పక్కనే వరి గింజలు, పురుగులు, నీళ్ళు. గూళ్ళను సాధారణంగా చెట్టుకు తూర్పు వైపున కట్టుకుంటాయి, నైరుతి వాన జల్లు నేరుగా కొట్టకుండా. తుమ్మచెట్టు మీదా, ఈతచెట్టు మీదా, బావి మీదికి వంగిన కొమ్మలకూ కూడా కడతాయనుకోండి. కాని తాటి దొరికిన చోట తాటికే మొగ్గు. ఇందులో కాకతాళీయం ఏముంది?

తాటిచెట్టు కాపురం కూడా మనం తెలుసుకోదగ్గదే. ఇందులో పోతు తాడు వేరు, పెంటి తాడు వేరు. పెంటి తాటికే ముంజలూ, పండ్లూ. అయితే ఏది పోతో ఏది పెంటో పూత వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. ఆ పూత రావడానికి పన్నెండు, పదిహేనేళ్ళు, ఒక్కోచోట ఇంకా ఎక్కువే పడుతుంది. పెళ్ళిచూపులకు తొందరపడేవాళ్ళకు పనికిరాని చెట్టు! ఒకసారి నిలదొక్కుకుందంటే నూరేళ్ళు వుంటుంది. గిజిగాడి ఇల్లు 18 రోజుల్లో తయారై ఒక్క వానాకాలం నిలుస్తుంది. ఆ ఇంటికి పునాది అయిన చెట్టు తయారు కావడానికి మనిషికి ఒక తరం పడుతుంది. గాలివానకు గూడు తెగి పడితే గిజిగాడు మర్నాడే మరో పీలిక చీల్చుకుంటాడు. తాటికి రెండో మొవ్వు లేదు. ఆ ఒక్క మొవ్వు నరికితే చెట్టు చచ్చినట్టే.

ఈ చెట్టు మనకు ఇచ్చినవి లెక్కపెట్టడం ఎవరి తరం? అరవంలో 'తాల విలాసం' అనే కావ్యంలో తాటికి 801 ఉపయోగాలు చెప్పారని ప్రసిద్ధి. ఎండాకాలం ముంజలు, శ్రావణ భాద్రపదాల్లో పండ్లు, ఆ పండు గుజ్జుతో గోదావరి జిల్లాల్లో తాటి రొట్టె, తాటి గారెలు, ఎండబెడితే తాండ్ర. టెంకల్ని పాతిపెడితే చలికాలానికి తేగలు, టెంక పగలగొడితే లోపల బుర్రగుంజు. బాలింతలకు తాటిబెల్లం. ఇంటికి దూలం, కప్పుకు ఆకు, చేతికి విసనకర్ర, నెత్తికి గొడుగు, వంటింట్లో బుట్ట. ఆడపిల్లలకు తాటాకు బొమ్మలు, వాటికి పెళ్ళిళ్ళు. పెళ్ళికి తాటాకు పందిళ్ళు. మొదటి అక్షరం దిద్దినది తాటాకు మీదే అయినప్పుడు, చివరకు జాతకం రాయించుకున్నదీ దాని మీదే.

ఆ కల్లు మాట కూడా చెప్పుకోవాలి. హిందుస్థానీ 'తాడీ' అన్న మాటే ఇంగ్లీషువాళ్ళ నోట 'టాడీ' అయింది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని చెట్టు మీద అపవాదు వేశాం గాని, ఆ గీత మీద బతికిన కుటుంబాలు తెలుగునాట లక్షలు. నడుముకు మోకు కట్టుకుని, రోజుకు ఎన్నో చెట్లు ఎక్కి దిగే ఆ పనిలో కాలు జారితే ప్రాణమే పోతుంది. ఆ గీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న మొగలు సర్కారునే ఎదిరించి, ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1710లో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన పాటలు తెలంగాణలో ఇప్పటికీ పాడుకుంటారు.

ఇక్కడే చరిత్ర మలుపు తిరిగింది. మన అవసరాలు ఒక్కొక్కటే తాటిచెట్టును వదిలేశాయి. కాగితం వచ్చింది, తాటాకు పుస్తకం అటక ఎక్కింది. పెంకులు వచ్చాయి, తరువాత సిమెంటు డాబాలు వచ్చాయి, తాటాకు కప్పులు పోయాయి. ఇనుప కడ్డీ వచ్చి దూలాన్ని తోసేసింది. కరెంటు ఫ్యాను వచ్చి విసనకర్రను మూలన పెట్టింది. ప్లాస్టిక్ బుట్టలు, షామియానాలు వచ్చాయి. చెట్టెక్కే పిల్లలు చదువులకూ, పట్నాలకూ వెళ్ళారు. అందులో తప్పేమీ లేదు, ప్రాణాలకు తెగించే పని తమ కొడుకులు చేయాలని ఏ తల్లీ కోరుకోదు. కాని గీసేవాడు లేని చెట్టు రైతుకు రూపాయి రాల్చదు. పొలంలో నీడ పడుతుంది, ట్రాక్టరుకు అడ్డం వస్తుందనిపిస్తుంది. అప్పుడు ఇటుక బట్టీ వాడు లారీ తీసుకుని వస్తాడు. నూరేళ్ళ చెట్టు ఒక్క పూటలో కట్టెలై పోతుంది. కోస్తాలో ఎన్నోచోట్ల గట్లమీది తాళ్ళు రొయ్యల చెరువులకూ బలైపోయాయి.

801 అవసరాల్లో దాదాపు అన్నిటికీ మనం మారువెతుక్కున్నాం. గిజిగాడికి మాత్రం అవసరం ఒక్కటే. అది లినేయస్ నాడు ఎలా వుందో ఈనాడూ అలాగే వుంది. చెట్టు లేని చోట అది కరెంటు తీగలకు గూళ్ళు కట్టుకోవడం కూడా చూసినవాళ్ళున్నారు. తీగకు ఎత్తు వుంది గాని ఆకు నీడ లేదు, వాన జల్లుకు అడ్డం లేదు. పిట్టలలో గిజిగాడు అంతరించిపోయే జాతి కాదు, ఆ భయం లేదు. కాని జాతి మిగలడం వేరు, మన వూరి చెరువు గట్టు మీద గూళ్ళు మిగలడం వేరు. పక్క జిల్లాలో చుట్టాలు క్షేమంగా వున్నారంటే మన ఇల్లు నిండినట్టు కాదుగా!

తాటిచెట్టు నిలువుగా నిలబడడం తప్ప ఏమీ చేయనట్టే కనిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేల ప్రాణాలు పోయాయి. ఆ రాత్రి చెట్లను పట్టుకుని బతికి బయటపడినవాళ్ళున్నారు. లోతుగా వేళ్ళు దింపుకుని, గాలికి వంగి లేచే తాటి విలువ తీరం వెంబడి వుండేవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం కలెక్టరు అనుమతి లేనిదే తాటిచెట్టు కొట్టరాదని ప్రకటించింది. అక్కడ అది రాష్ట్ర వృక్షం. మన దగ్గరా చెరువు గట్ల మీద ఈత, తాటి మొక్కలు నాటే ప్రయత్నాలు జరిగాయి. తూర్పు కనుమల అంచున పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన కేంద్రంలో తాటి మీద పరిశోధన జరుగుతోంది. అయినా గట్టు మీది చెట్టు వుండాలా పోవాలా అన్నది చివరకు తేలేది ఆ రైతు ఇంటి అరుగు మీదనే.

గుర్రం జాషువాగారి 'గిజిగాడు' పద్యాలు మనలో చాలామంది బడిలో కంఠతా పట్టినవాళ్ళమే. ఆ మహాకవి కన్ను ఆ చిన్ని పిట్ట పనితనాన్ని చూసి పొంగిపోయింది. ఆ పద్యాలు మన పిల్లలకూ నేర్పుదాం. నేర్పిన తరువాత వాళ్ళు 'గూడు చూపించవే అమ్మా' అని అడుగుతారు. అప్పుడు డ్రాయింగు రూములో అలంకారానికి వేలాడదీసిన ఎండు గూడు చూపిస్తామా? ఆ గూడు కోసేటప్పుడు లోపల గుడ్లున్నాయో లేదో చూసినవారెవరు? పిట్ట వదిలేసిన పాత గూట్లో కూడా మునియాల వంటి చిన్న పిట్టలు చేరి కాపురం పెడతాయి. గూడు వుండవలసింది చెట్టుకే.

చలికాలంలో తేగల కట్ట ఇంటికి వస్తుంది. తంపటి వేసి కాల్చినవో, ఉడకబెట్టినవో, పీచు తీసి తింటూ కబుర్లు చెప్పుకుంటాం. ఒక్కొక్క తేగా ఒక్కొక్క తాటిచెట్టు కావలసిన మొలకే సుమా. తినవద్దని కాదు, హాయిగా తినండి. వచ్చే ఏడాది తాటిపండు తిన్నప్పుడు మాత్రం ఒకటి రెండు టెంకలు పుట్టింటి పొలం గట్టు మీదో, ఊరి చెరువు పక్కనో పాతి మరిచిపొండి. నీళ్ళు పొయ్యనక్కరలేదు, కంచె కట్టనక్కరలేదు. పదిహేనేళ్ళకో ఇరవై ఏళ్ళకో మీ మనవరాలు అటు వెళ్ళినప్పుడు, ఆకుల కొసలకు సీసాల్లా గూళ్ళు వేలాడుతూ, చెట్టంతా కిచకిచలాడుతూ కనిపిస్తే, 'ఈ పిట్టలు ఇక్కడికే ఎలా వచ్చాయి?' అని ఆశ్చర్యపోతుంది. కాకతాళీయంగా వచ్చాయని మాత్రం ఆ పిల్లకు చెప్పకండి.